తలకోన: రాత్రంతా జాగారం, పొద్దున నీళ్ళ పక్కన నిద్ర

తిరుపతి దగ్గర అడవిలో ఉన్న తలకోన జలపాతానికి పోవాలనుకునే వాళ్ళకు ముందే ఒక మాట చెప్పేస్తాను. రూం ఫోటోలో వెనకాల జలపాతం కనిపిస్తే అది ఆ రూం వెనకాలే ఉందని నమ్మి డబ్బులు కట్టకండి. మేము కట్టాం.

నా భార్య ఆసుపత్రిలో నర్సు. నవంబరంతా నైట్ డ్యూటీలే పడ్డాయి. డిసెంబరు మొదట్లో రెండు రోజులు సెలవు దొరికితే, "సిస్టర్ అని ఎవరూ పిలవని చోట ఒక్క రాత్రి పడుకోవాల" అంది. తిరుపతి వాళ్ళకు అలాంటి చోటంటే మొదట గుర్తొచ్చేది తలకోనే. వానలు పడి వారమయింది కాబట్టి నీళ్ళు కూడా బాగుంటాయి. అక్కడి గుడిలో సిద్ధేశ్వరస్వామిని చూసి చాలా ఏళ్ళయిందని మామయ్య తనూ వస్తానన్నాడు. బామ్మర్ది కారు తీశాడు. పోనూ రానూ పెట్రోలు 900.

అడవి లోపల అటవీ శాఖ వాళ్ళ గదులున్నాయి గానీ ఆ రోజుకు మాకు దొరకలేదు. బయట ఒక ప్రైవేటు రిసార్టుకు ఫోన్ చేస్తే "ఫాల్స్ పక్కనే సార్, నడిచి పోవచ్చు" అన్నారు. రూముకు 2,400 చొప్పున రెండు రూములకు 4,800 ముందే వేయించుకున్నారు. భాకరాపేట ఘాటు దాటి సాయంత్రానికి చేరాం. చూస్తే అక్కడి నుంచి తలకోన గేటుకే 11 కిలోమీటర్లు. అదేంటని అడిగితే అక్కడి కుర్రాడు "అందరూ బండ్లలోనే పోతారు సార్" అన్నాడు, అంతే.

కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. వేణ్ణీళ్ళు బకెట్టు 50. రాత్రి భోజనం ప్లేటు 220, చల్లారిన అన్నం, పులిసిపోయిన సాంబారు. ఇవన్నీ ఓర్చుకునే వాళ్ళమే. కానీ పది గంటలకు రెండు కార్లలో కుర్రవాళ్ళు దిగి, మా కిటికీకి ఎదురుగా పెద్ద స్పీకర్ పెట్టారు. పోయి మేనేజరుకు చెప్పాను. "వాళ్ళు పార్టీకని వేరేగా కట్టినారు సార్, మేమేం చెప్పలేం" అన్నాడు. ఒంటిగంటన్నర దాకా అదే మోత. నా భార్య ఎవరినీ ఏమీ అనలేదు, చెవులకు కొంగు చుట్టుకుని వరండా మెట్ల మీద కూర్చుంది. నెలంతా పక్కవాళ్ళ నిద్ర కోసం మేలుకున్న మనిషిని అలా చూస్తుంటే నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

పొద్దున బిల్లు 1,480. భోజనాలు 880, వేణ్ణీళ్ళు 200, ఇంకొక 400 క్లీనింగుకట! అదీ తెల్లకాగితం మీద రాసిచ్చారు, పేరు లేదు, ముద్ర లేదు. ఆ 400 ఇవ్వనని అరగంట వాదించాను. చివరికి బామ్మర్దే వాళ్ళ చేతిలో పెట్టేసి "వదిలేయ్ బావా, అక్క కార్లో కూర్చోనుంది" అన్నాడు. మామయ్య గేటు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. మొత్తం 6,280 రూపాయలు, కంటి మీద కునుకు లేదు.

గేటు దగ్గర మనుషులకూ బండికీ టికెట్లు తీసుకుని లోపలికి పోయాం. మంగళవారం కావడంతో మా ముందు ఒక్క బండే ఉంది. సిద్ధేశ్వరుడి గుడిలో పూజారి, మేము నలుగురం, అంతే. హారతి కళ్ళకద్దుకుని బయటికొచ్చాక మామయ్య "ఇప్పుడు పోదాం పాండి" అన్నాడు. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

గుడి నుంచి జలపాతం దాకా నడక. మామయ్య కోసం ఆగుతూ ఆగుతూ పోతే మాకు ముప్పావు గంట పైనే పట్టింది. కొంతమేర మెట్లు, తర్వాత చెట్ల వేళ్ళు, నునుపెక్కిన రాళ్ళు. పక్కనే వాగు. పెద్ద మానంత లావుగా మెలికలు తిరిగిన గిల్లతీగ ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టు మీదికి పాకిపోయి ఉంటుంది, దాన్ని చూడకుండా దాటిపోవద్దు. ఇది ఎర్రచందనం పెరిగే శేషాచలం అడవి, దారి వదిలి లోపలికి పోతే అటవీ శాఖ వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కోతులు చేతిలో సంచి ఉంటే లాక్కుంటాయి, తినే వస్తువులు కారులోనే పెట్టి రండి.

జలపాతం ముందు దూరంగా వానలాగా వినిపిస్తుంది. మలుపు తిరిగేసరికి 270 అడుగుల కొండచరియ మీద నుంచి నీళ్ళు దిగుతున్నాయి. మన రాష్ట్రంలో ఇంతకన్నా ఎత్తయిన జలపాతం లేదంటారు. అంత ఎత్తు నుంచి వచ్చేసరికి నీళ్ళు సగం తుంపరై మొహానికి తగులుతాయి. మడుగుల్లోకి దూకే సాహసం మాత్రం ఎవరూ చేయొద్దు, నీళ్ళ కింద బండలు కనబడవు, అక్కడ ప్రాణాలు పోయిన సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

నా భార్య ఒక బండ మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టింది. కాసేపటికి చూస్తే వెనక రాతికి ఆనుకుని నిద్రపోయింది. మామయ్య తన కండువా మడిచి తల కింద పెట్టాడు. గంటకు పైగా ముగ్గురం పక్కన కూర్చున్నాం, ఎవరూ నోరెత్తలేదు, బామ్మర్ది ఫోన్ కూడా తీయలేదు. అంత నీళ్ళ హోరులోనూ ఆమె కదలలేదు.

తిరిగొచ్చేటప్పుడు నెరబైలు ఊరు దాటాక రోడ్డు పక్కన ఒక ఇంటి ముందర పెద్దామె సంగటి కెలుకుతుంటే కారు ఆపాం. బోర్డేమీ లేదు. వేడి వేడి రాగిసంగటి, పుల్లగూర, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, మనిషికి 60. "యాడి నుంచి వస్తాండారు? పాప నీరసంగా ఉండాదే" అంటూ అడక్కుండానే నా భార్యకు ఇంకో ముద్ద పెట్టింది. దానికి డబ్బులిస్తే తీసుకోలేదు. నలుగురికీ 240. రాత్రి 880 పెట్టి వదిలేసిన భోజనం గుర్తొచ్చి, ఆ డబ్బంతా ఈ పెద్దామెకే ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మీరు పోతే తిరుపతిలో తెల్లారే ముందు బయల్దేరండి, వారం మధ్యలో పోండి, ఆదివారం మాత్రం వద్దు. లోపల అటవీ శాఖ గది దొరికితే ఉండండి, లేకపోతే సాయంత్రానికి ఇల్లు చేరిపోండి. వచ్చే నెల ఆమె సెలవు ఎప్పుడని మామయ్య ఇప్పటికే రెండు సార్లు ఫోన్ చేశాడు.