ధర పడినప్పుడు బిట్‌కాయిన్: ఒకేసారి కొనాలా, నెలనెలా కొనాలా, అసలు వద్దా?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో కూర్చుని ఆదాయపన్ను రిటర్నులు వేస్తుంటాను. పైడిభీమవరం మందుల కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లు, కవిటి, సోంపేట వైపు నుంచి గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు, పలాస జీడి వ్యాపారులు, బడి మాస్టార్లు, అందరూ వస్తారు. 2025 అక్టోబరులో 1,26,000 డాలర్లు దాటిన బిట్‌కాయిన్ నవంబరులోనే 90 వేల కిందికి జారింది. అప్పట్నుంచి వీళ్లలో వయసులో ఉన్నవాళ్లు అడిగేది ఒకటే: "బాగా పడింది కదా, ఇప్పుడు కొంటే మంచిదేనా?" ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చాను. అందరికీ కలిపి ఒకసారి రాస్తే మేలనిపించింది. బిట్‌కాయిన్ అంటే ఏమిటో, ఖాతా ఎలా తెరవాలో ఇక్కడ చెప్పను. అడిగేవాళ్లకు అవన్నీ తెలిసినవే.

కాశీబుగ్గ కుర్రాడు ఒకడు అడిగిన మాట మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. వాళ్లది జీడిపప్పు ఫ్యాక్టరీ. "పిక్కల ధర పడినప్పుడే మా నాన్న బస్తాలు కొని గోడౌన్‌లో వేస్తాడు బాబాయ్. దాన్ని వ్యాపారం తెలిసినోడి పని అంటారు. బిట్‌కాయిన్ పడినప్పుడు నేను కొంటానంటే జూదం అంటారు. రెండింటికీ తేడా ఏంటి?"

న్యాయమైన ప్రశ్న. ఇంట్లో పెద్దవాళ్లు "అదంతా మోసం రా" అని తోసిపుచ్చడం వల్లే పిల్లలు చెప్పకుండా కొంటున్నారు. అందుకే సరైన జవాబు ఇవ్వాలనుకున్నాను.

మొదటి తేడా ఎవరికైనా తోచేదే. 80 కేజీల బస్తాలోంచి నాలుగు పిక్కలు తీసి కోసి చూస్తే వాళ్ల నాన్నకు పప్పు ఎంత దిగుతుందో తెలిసిపోతుంది. ఎంత పడినా ఆ పిక్క పప్పవుతుంది, దాన్ని ఎవరో ఒకరు తింటారు. ధర ఎక్కడిదాకా దిగగలదో అంచనా కట్టడానికి ఆయనకొక ఆధారం ఉంది. బిట్‌కాయిన్‌కు అలాంటిది లేదు. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు, కొత్తగా పుట్టేవి సుమారు నాలుగేళ్లకోసారి సగానికి తగ్గుతాయి, చివరిసారి 2024 ఏప్రిల్‌లో తగ్గాయి. ఇవన్నీ నిజాలే. అయితే సరుకు కొంచెమే ఉన్నంత మాత్రాన ధర ఫలానా చోట ఆగుతుందని లేదు. రాయగడ కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నాగావళి పొంగుతుంది. బిట్‌కాయిన్ ధర కూడా అలాంటిదే. కారణం ఎక్కడో ఉంటుంది, మనకు కనపడేది నీటిమట్టమే.

రెండో తేడా గురించి యూట్యూబు వీడియోల్లో పెద్దగా వినపడదు. నా బల్ల మీదికి మాత్రం ప్రతి ఏడూ వస్తుంది. నా లెక్కలో మొత్తం విషయాన్ని తేల్చేది అదే. నష్టం వస్తే ఆ నష్టం ఏమవుతుంది?

వాళ్ల నాన్నకు పిక్కల్లో నష్టం వస్తే, పప్పు అమ్మకంలో వచ్చిన లాభంలోంచి అది తీసివేతకు పోతుంది. ఇంకా మిగిలితే, రిటర్ను గడువులోగా వేసినవాళ్లు ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. షేర్లలో నష్టానికి కూడా ఇంచుమించు ఇదే దారి. క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేల నష్టానికి, 2022 ఏప్రిల్ నుంచి ఏ దారీ లేదు. జీతంలోంచి తీసేయడానికి వీల్లేదు, వ్యాపారంలోంచి వీల్లేదు, వచ్చే ఏడాదికి మోయడానికీ వీల్లేదు. ఆఖరికి ఇంకో క్రిప్టోలో వచ్చిన లాభంలోంచి కూడా తీసెయ్యలేం. లాభం మీద మాత్రం 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. మరో ఆదాయం ఏమీ లేని గృహిణికి లాభం వచ్చినా అదే రేటు. కొన్న ధర తప్ప ఎక్స్చేంజీ (క్రిప్టో కొని అమ్మే వేదిక) రుసుమైనా, అప్పు తెచ్చిన వడ్డీ అయినా ఖర్చు కింద ఒప్పుకోరు.

అంకెల్లో చెబుతాను. ఒకతను రెండు రకాల నాణేలు కొన్నాడు. ఒకదాంట్లో 80 వేలు లాభం, రెండోదాంట్లో 90 వేలు నష్టం. రెండూ అమ్మేశాడు. కలిపి చూస్తే చేతిలోంచి 10 వేలు పోయాయి. అయినా 80 వేల లాభం మీద 24,960 రూపాయలు పన్ను కట్టాలి. అంటే పోయింది 10 వేలు కాదు, 35 వేలకు దగ్గర. ఇదే షేర్లలో జరిగుంటే పన్ను సున్నా, పైగా 10 వేల నష్టం వచ్చే ఏళ్లకు పనికొస్తుంది. ఈ లెక్క చెప్పినప్పుడు ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్ల ముఖాలు చూడలేకపోతుంటాను. ముందే తెలిసుంటే వాళ్లు అలా అమ్మేవాళ్లు కాదు.

ధర పడినప్పుడు కొనేవాళ్లకు ఈ నిబంధన ఇంకా గట్టిగా తగులుతుంది. కొన్నాక మరింత పడుతుంది. భయం వేసి అమ్మేస్తారు, లేదా "ఇది లాభం లేదు, అది ఇంకా పడింది" అని దీన్ని ఇచ్చి దాన్ని కొంటారు. ఒక నాణేన్ని ఇంకో నాణేనికి మార్చుకోవడం కూడా అమ్మకం కిందికే వస్తుంది. మారిన ప్రతిసారీ పాత నష్టం చచ్చిపోతుంది, కొత్తదాంట్లో లాభం వస్తే పన్ను మాత్రం బతికే ఉంటుంది. అంటే ఇందులో పొరపాటు చేస్తే చవగ్గా దిద్దుకోవడం కుదరదు. అందుకని నష్టంలో అమ్మాల్సిన అవసరం ఎప్పటికీ రాని డబ్బుతోనే ఇందులో దిగాలి. ఒకేసారా, నెలనెలానా, అసలు వద్దా అన్నది ఈ తూకం మీదే తేల్చుకోవాలి.

ఒకేసారి కొనడం సంగతి చూద్దాం. దీనికి అనుకూలంగా చెప్పాల్సింది చెప్పాలి. 2020 మార్చిలో కరోనా భయానికి బిట్‌కాయిన్ 5 వేల డాలర్ల కిందికి పడింది. ఆ ఏడాది చివరికి 28 వేలు దాటింది. ఆ వారంలో ధైర్యం చేసి మొత్తం ఒకేసారి పెట్టినవాడి ముందు వాయిదాలవాడు నిలబడలేడు. అయితే అన్ని పతనాలూ అంత త్వరగా తేరుకోలేదు. 2021 నవంబరులో 69 వేల దరిదాపుల్లో ఉన్న ధర 2022 జనవరిలో 40 వేలకు అటూ ఇటూగా ఉంది. "40 శాతం తగ్గింది, ఇంతకంటే చవక దొరకదు" అని చాలామంది అప్పుడే కొన్నారు. ఆ నవంబరుకు అది 16 వేల కిందికి పోయింది. మళ్లీ 40 వేలు చూడటానికి 2023 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. దాదాపు రెండేళ్లు! ఈ రెండేళ్లలో ఒక ఇంట్లో ఏమేం వస్తాయి? పిల్లాడి కాలేజీ ఫీజు, ఉడుపుల పెట్టుబడి రెండుసార్లు, ఎవరో ఒకరి ఆస్పత్రి ఖర్చు, మాఘమాసంలో ఓ పెళ్లి. వీటిలో ఏ ఒక్కటి ముందుకొచ్చినా సగం ధరకు అమ్ముకోక తప్పదు, ఆ నష్టం దేనిలోనూ కలవదు.

నెలనెలా కొనడం ఇక్కడే నెగ్గుతుంది. అదే 2022లో జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకింత అని సమానంగా కొన్నవాళ్ల సగటు ధర 30 వేల డాలర్లలోపే పడింది. 2023 ఏప్రిల్‌లో ధర 30 వేలు తాకింది. జనవరిలో ఒకేసారి కొన్నవాడికంటే వీళ్లు ఎనిమిది నెలలు ముందు ఒడ్డున పడ్డారు. ఇంకో మేలు కూడా ఉంది. నెలకు రెండు వేలో మూడు వేలో పెట్టేవాడు మధ్యలో ఇంటి అవసరం వస్తే ఆ నెల వాయిదా ఆపుతాడు. ఉన్నది అమ్మడు. ఒకేసారి పెట్టినవాడికి ఆపడానికి ఏమీ మిగలదు, అమ్మడం ఒక్కటే మిగులుతుంది. మన పన్ను నిబంధనల్లో ఆపగలగడానికీ అమ్మాల్సి రావడానికీ మధ్య ఎంత దూరం ఉందో పైన చెప్పిన లెక్కే చూపిస్తుంది.

పక్షపాతం దాచుకోను. కొనాలనే ఉంటే నెలనెలానే, అదీ కనీసం ఐదేళ్లు అడగని డబ్బుతోనే. నేనూ అలాగే చేస్తున్నాను. కిందటి డిసెంబరు నుంచి నెలకు రెండు వేలు బిట్‌కాయిన్‌లో పెడుతున్నాను. అంతకు ఐదింతలు ఇండెక్స్ ఫండ్‌లో, అంటే షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్‌లో పడుతున్నాయి.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలతపెట్టే సంగతి. బంగారం కుదువపెట్టి క్రిప్టో కొనడం. "పడిన ధర మళ్లీ రాదు సార్, గోల్డ్ లోన్ తీసుకుని పెట్టేస్తాను, పెరిగాక విడిపించేస్తాను" అని ఈ ఏడాది నాతో ముగ్గురు అన్నారు. రెండు లక్షల లోను, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకోండి. వడ్డీ 20 వేలు. ఆ వడ్డీని ఖర్చుగా చూపలేరు కాబట్టి పన్ను పోగా 20 వేలు మిగలాలంటే లాభం 29 వేలు పైచిలుకు రావాలి. అంటే ధర ఏడాదిలో 14 శాతానికి పైగా పెరిగితే మీకు మిగిలేది సున్నా. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, ఏడాదికి 48 వేలు వడ్డీ. సున్నా దగ్గర నిలబడటానికే 35 శాతం పెరగాలి. పెరగకపోతే? ఇంట్లో ఆడవాళ్ల మెడలోని వస్తువు వేలానికి వెళుతుంది. ఈ దారి ఎంచుకోవద్దని చేతులు పట్టుకుని చెబుతాను.

అసలు వద్దనుకుని ఆ డబ్బు వేరేచోట పెడితే? ఇండెక్స్ ఫండ్ నాకు ఎక్కువ నచ్చుతుంది. ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి లక్షా పాతిక వేల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. నష్టం వస్తే అది వృథా పోదు. నూటికి తొంభై ఇళ్లకు క్రిప్టోకంటే ఇదే మేలని నా ఉద్దేశం. బంగారం సంగతి మనవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష దాటడం అందరం చూశాం. కానీ బంగారం ఎప్పుడూ పడదనుకోవడం పొరపాటు. డాలర్లలో చూస్తే 2011 నాటి శిఖరాన్ని అది మళ్లీ దాటింది 2020లోనే. భోగాపురం ప్లాట్ల గురించి కూడా అడుగుతున్నారు. విమానాశ్రయం పేరు చెప్పి అమ్మే ప్రతి లేఅవుట్‌కూ అనుమతి ఉండదు, అవసరానికి నెలలోపు అమ్ముడుపోదు. అంతకుమించి దాన్ని దీనితో పోల్చలేను.

చిన్న నాణేల గురించి ఒక్క మాట. బిట్‌కాయిన్ 80 శాతం పడి లేచింది కాబట్టి ఇవీ లేస్తాయనుకోకండి. 2022 మేలో లూనా అనే నాణెం 80 డాలర్ల దగ్గర్నుంచి వారంలో పైసల్లోకి పోయింది, ఆ పాతధర మళ్లీ చూడలేదు. అప్పు మీద ఆడే ఫ్యూచర్ల జోలికి అసలు వెళ్లొద్దు. "అట్టడుగుకు వచ్చాక కొంటాను" అనేవాళ్లకు ఆ అడుగు వచ్చిందని చెప్పే మనిషి ఎక్కడా లేడు.

కొనేవాళ్లు రెండు జాగ్రత్తలు మర్చిపోకూడదు. ఎక్స్చేంజీలో ఉన్న క్రిప్టోకు బ్యాంకు డిపాజిట్లకు ఉన్నట్టు ఐదు లక్షల బీమా లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్చేంజీ నుంచి 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగలపాలైంది, ఖాతాదారులు ఏడాదికి పైగా తమ నాణేలు వెనక్కి తీసుకోలేకపోయారు. రెండోది, ఒక శాతం టీడీఎస్ (అమ్మినప్పుడే ముందుగా కోసే పన్ను) తప్పించుకోవాలని తెలియని మనుషులకు నేరుగా అమ్మకండి. వాళ్లు పంపే డబ్బు ఏదైనా సైబర్ మోసానిదైతే మీ బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. టీడీఎస్ రిటర్నులో మీ పన్నుకే జమవుతుంది, ఎక్కడికీ పోదు. టెలిగ్రాం గ్రూపుల్లో "సగం ధరకే ఇస్తాం" అన్నవాళ్లకు ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరికే ఆశ తగ్గిపోతుంది.

కాశీబుగ్గ కుర్రాడికి ఇదంతా చెప్పాక వాడు ఒక్కటే అడిగాడు: "అయితే మా నాన్న గోడౌన్‌కి దాచుకున్న డబ్బులోంచి లక్ష తీసి పెట్టొద్దంటావా బాబాయ్?" వద్దన్నాను. మార్చి తర్వాత ఉద్దానంలో కొత్త పిక్కలు దిగుతాయి, ఆ లక్ష అప్పుడు అక్కడ ఉండాలి. వాడికి నెలకు ఫ్యాక్టరీలో ఇచ్చే జీతంలోంచి వెయ్యి రూపాయలు పెట్టుకోమన్నాను, వాళ్ల నాన్నకు చెప్పే పెట్టుకోమన్నాను. మొన్న ఫోన్ చేశాడు. చెప్పాడట. ఆయన మొదట కోప్పడ్డాడట, తర్వాత "ఆ నష్టం కలవదు అన్న సంగతి నాకు మళ్లీ ఒకసారి చెప్పు" అన్నాడట.