ఉదయగిరి దుర్గమా, భైరవకోనా, పెంచలకోనా: ఒక్క పగటి కొండయాత్రకు ఏది మేలు?

నెల్లూరు నుంచి గాని, ఒంగోలు నుంచి గాని తెల్లవారుజామున బయలుదేరి, కొండల్లో ఒక పగలు గడిపి, రాత్రికి ఇల్లు చేరాలనుకునేవారికి మన ప్రాంతంలో ముందుగా గుర్తుకొచ్చేవి మూడు చోట్లు. వెలిగొండల్లోని ఉదయగిరి దుర్గం ఒకటి. దానికి ఉత్తరంగా, పాత ప్రకాశం జిల్లా పడమటి కొసన, చంద్రశేఖరపురం మండలంలో ఉన్న భైరవకోన రెండవది. రాపూరు దగ్గరి పెంచలకోన మూడవది. మూడింటికీ పురాణమో చరిత్రో తోడుగా ఉన్నందువల్ల, వీటిలో రెండింటినైనా ఒకే రోజులో చుట్టి రావాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. నా అభిప్రాయం అది కాదు. ఒక పగటికి ఒక చోటే సరిపోతుంది. ఆ ఒక్క చోటునూ తోడుగా వచ్చే మనిషిని బట్టి ఎంచుకోవాలి. దారీ కథా తెలిసిన స్థానికుడు వెంట ఉంటే ఎక్కడ మన చూపు ఎక్కువగా మారుతుందో, అక్కడికే ఆ పగటిని కేటాయించడం న్యాయం.

ఈ లెక్కన పెంచలకోన మూడో స్థానంలో నిలుస్తుంది. ఆ క్షేత్రాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు వెళితే, మూడు వైపులా కొండలు కమ్ముకున్న కోనలో పెనుశిల లక్ష్మీనరసింహస్వామి దర్శనమిస్తాడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తరువాత కూడా ఉగ్రం చల్లారక ఈ కొండల్లో తిరుగుతున్న స్వామి, చెంచుల ఆడపడుచును చూసి శాంతించి ఆమెను పెండ్లాడాడనీ, అది తెలిసి అలిగిన ఆదిలక్ష్మి ఏటి అవతలికి వెళ్లిపోయిందనీ కథ. ఆదిలక్ష్మి గుడి స్వామి గుడికి దూరంగా విడిగా ఉండడానికి కారణం అదేనని ఇక్కడివారందరూ చెబుతారు. కణ్వ మహర్షి తపస్సు చేసిన చోటనీ, కండలేరు పుట్టింది ఇక్కడేననీ కూడా అంటారు. అయితే ఈ కథలు మన ఇళ్లలో అమ్మమ్మలు చెప్పగా పిల్లలు చిన్ననాటనే విన్నవి. కొత్తగా ఒకరు వెంట ఉండి చెప్పవలసిన అవసరం అంతగా లేదు. పైగా చుట్టూ ఉన్న అడవి పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి, గుడి దాటి పైకి వెళ్లాలంటే అటవీశాఖ వారి అనుమతికి లోబడాలి. భక్తితో వెళ్లేవారికి పెంచలకోనకు సాటి వచ్చేది మన జిల్లాలో నాకు కనబడదు. శనివారాల రద్దీ తప్పించుకుని ఇంకో రోజు వెళితే కోన నెమ్మదిగా, చల్లగా ఉంటుంది. కానీ అది దర్శనానికి వెళ్లవలసిన చోటు.

భైరవకోన విషయంలో నిర్ణయం ఇంత తేలిక కాదు. ఒకే కొండ చరియను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు అక్కడ వరుసగా ఉన్నాయి. ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉంటాయి. శశినాగ, రుద్రేశ్వర, విశ్వేశ్వర, నగరికేశ్వర, భర్గేశ్వర, రామేశ్వర, మల్లికార్జున, పక్షమాలిక అని లింగాలకు పేర్లు. వీటిని క్రీస్తు శకం ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివిగా భావిస్తారు. సింహాలు మోస్తున్నట్టుండే స్తంభాలనూ, ద్వారపాలకుల నిలుపునూ చూసినప్పుడు పల్లవుల పనితనం గుర్తుకు వస్తుంది. పక్కనే ఎత్తయిన బండల మీద నుంచి జలపాతం దూకుతుంది. కాలభైరవుడు క్షేత్రపాలకుడు. కార్తిక పౌర్ణమి రాత్రి చంద్రకాంతి దుర్గాదేవి మీద పడుతుందని నమ్మి ఆ రోజు జనం వేలాదిగా చేరుతారు.

ఇక్కడ చూడవలసినదంతా దగ్గర దగ్గరగా ఉంటుంది, ఎక్కవలసిన మెట్లు తక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారినీ, పసిపిల్లలనూ తీసుకుని వెళ్లగలిగేది ఈ మూడింటిలో ఇదేనని నేను ధైర్యంగా చెప్పగలను. శిల్పం తెలిసిన వ్యక్తి తోడుంటే, ఒక గుహలో ఉలి మొరటుగా ఆగిపోయిందనీ, మరొక గుహలో చేయి తిరిగిందనీ చూపించి, తొలిచినవారు అనుభవం మీద నేర్చుకుంటూ పోయిన తీరును కళ్లకు కట్టగలడు. అయితే అటువంటివారు దొరకడం అరుదు. దొరకకపోయినా నష్టం పెద్దదేమీ కాదు. గుహ ముందు పావుగంట మౌనంగా కూర్చుని ద్వారపాలకుణ్ణి పరికించే ఓపిక ఉంటే ఆ రాయి చాలావరకు తనంతట తానే చెబుతుంది.

ఉదయగిరి అలా తనంతట తాను చెప్పదు. ఒంటరిగా ఎక్కినవారికి అది ముళ్లపొదలు, కూలిన గోడలు, ఎండ మాత్రమే. మూడు వేల అడుగులకు పైగా ఎత్తున్న ఆ కొండ మీద ఏ గోడ ఏ కోటదో, ఏ దారి ఎటు పోతుందో తెలియక, సగంలోనే అలసి దిగి వచ్చి ‘అక్కడేముంది, రాళ్లు తప్ప’ అనేవారిని చాలామందిని విన్నాను. ఆ మాట వినబడిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే దక్షిణాది చరిత్రను మలుపు తిప్పిన కొద్ది చోట్లలో అది ఒకటి, అదీ మన ఆత్మకూరు దాటిన తరువాత, నెల్లూరుకు 100 కిలోమీటర్ల లోపునే ఉంది.

విజయనగర రాజ్యం తొలినాళ్లలో హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఏలిన రాజ్యానికి ఇదే ముఖ్యపట్టణం. తరువాత ఒడిశాను ఏలిన గజపతుల చేతికి చిక్కింది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో దీనిని ముట్టడించి, సుమారు ఏడాదిన్నర పాటు కొండ కింద కాచుకుని, 1514లో గాని స్వాధీనం చేసుకోలేకపోయాడు. మనిషి వెనుక మనిషి తప్ప పోలేనంత ఇరుకుగా ఉన్న దారులను, బండలు పగలగొట్టించి వెడల్పు చేయించి కోట బురుజులను అందుకున్నాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఈ ఒక్క సంగతి తెలిసిన మనిషి వెంట ఉంటే చాలు, ఎక్కుతున్న ప్రతి మలుపూ వేరుగా కనబడుతుంది. పై నుంచి చూసేవాడికి కింది శత్రువు ఎంత చిన్నగా ఉండేవాడో, నీరూ తిండీ లోపల దాచుకున్నవాణ్ణి దింపడానికి ఎందుకు అంత కాలం పట్టిందో, కాళ్లతో నడుస్తూ తెలుసుకోవచ్చు. కోట అంటే ఒకటే కోట కాదు. కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కోటలుండేవి. ఏ గోడ ఏ కోటలో భాగమో విడదీసి చూపడానికి ఊరి మనిషి తప్పనిసరి.

కోటను గెలిచిన తరువాత రాయలు ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, దాని కోసమే గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. హంపీలోని కృష్ణాలయం అదే. ఆ మూర్తి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరిలోని పాత కృష్ణాలయం ముందు నిలబడి ఈ వరుసను వింటే, హంపీకి వెళ్లివచ్చిన మనవారికి కూడా ఒక కొత్త బంధుత్వం తెలిసి వస్తుంది. గోల్కొండ వారి కాలంలో వెలసిన పెద్ద మసీదు, చిన్న మసీదు కొండ మీదనే ఉన్నాయి. గజపతులు, రాయలు, గోల్కొండ సుల్తానులు ఒకే కొండను ఒకరి తరువాత ఒకరు నమ్ముకున్నారు. ఆ మూడు చేతుల పనినీ ఒకే పూటలో చూడగలిగే చోటు మన రెండు జిల్లాల్లో ఇంకొకటి లేదు.

కాబట్టి ఆరోగ్యం, వయసు సహకరించేవారికి నా ఓటు ఉదయగిరికే, కాని వెంట మనిషి ఉన్నప్పుడు మాత్రమే. ఆ మనిషి చదువుకున్నవాడే కానక్కరలేదు. కొండ మీద గొడ్లు మేపి, ఆ దారులలో పెరిగిన పెద్దమనిషి అయితే మరీ మంచిది. అతడు చెప్పే రాణుల కథలనూ, దాచిన నిధుల కథలనూ కొట్టిపారేయవద్దు, అలాగని చరిత్రగా నమ్మనూ వద్దు. ‘ఇది మీ తాతగారు చెప్పిందా, ఎక్కడైనా చదివిందా?’ అని మర్యాదగా అడిగితే చాలామంది తేడా తామే చెబుతారు. ముందుగానే కూలి మాట్లాడుకోవాలి, బేరం ఆడకుండా ఇవ్వాలి. పగలంతా మనతో ఎక్కి దిగేవాడికి కూడా భోజనం కట్టుకుని వెళ్లడం మన ధర్మం.

ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా భైరవకోన అంత దూరమేమీ కాదు కాబట్టి, మధ్యాహ్నానికి కొండ దిగి అక్కడికి పోవచ్చునని కొందరు అంటారు. కారు పోగలదు, నిజమే. కాళ్లూ కళ్లూ రెండూ అలసిన తరువాత ఎనిమిది గుహలలో రెండింటిని చూసి మిగతావి వదిలేస్తారు. అంతకన్నా దిగిన తరువాత ఊరిలోనే ఉండి, నర్ది వంటి చెక్కలతో చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్లకు వెళ్లడం మేలు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిని చేసినవారి చేతి నుంచే కొనవచ్చు.

ఇంట్లో పెద్దవారు తప్పక రావలసి ఉంటే ఈ నిర్ణయం తలకిందులవుతుంది, అప్పుడు భైరవకోనే సరి. వానలు ఆగిన వెంటనే వెళితే జలపాతం నిండుగా ఉంటుంది, అయితే బండలు జారుతాయి కాబట్టి పిల్లల చేయి వదలకూడదు. ఉదయగిరికి పుష్యం, మాఘం అనువైన నెలలు. ఫాల్గుణం దాటితే ఆ కొండ జోలికి పోవద్దు. ఏ నెలలో వెళ్లినా మనిషికి మూడు లీటర్ల నీరు మోసుకుని, పొద్దు పొడవక ముందే ఎక్కడం మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడు గంటలు దాటక ముందే దిగడం ఆరంభించాలి.