ఎడిన్‌బరోలో కంప్యూటర్ సైన్స్: మా తమ్ముడి ఏడాది

మాది నెల్లూరు. మా తమ్ముడు బ్రిటన్‌లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్సీ చేసొచ్చాడు, 1583లో పెట్టిందంటే నాకు నమ్మబుద్ధి కాలా. చదువు చాలా బాగుండాది కానీ కోర్సు ఒక్క ఏడాదే, ఆగస్టుకల్లా డిసర్టేషన్ (చివర్లో రాసే పెద్ద రిపోర్టు) ఇచ్చేయాల, ఊపిరాడదు. క్లాసులో చైనా పిల్లలే ఎక్కువ, గ్రూప్ వర్క్‌లో వాళ్ళల్లో వాళ్ళు చైనీస్‌లో మాట్లాడుకుంటా ఉంటే మొదట్లో మావాడు బాగా దిగులుపడ్డాడు, తర్వాత చెంగ్డూ పిల్లోడు రూమ్మేట్ అయినాక మన గోంగూర పచ్చడి, వాళ్ళ కారం నూనె ఒకే ప్లేట్లోకి వచ్చేశాయి, ఇప్పటికీ రోజూ ఫోన్లే.

ఇక్కడ మేం పోయిన కన్సల్టెన్సీ మాత్రం దండగ. వీసాకి డబ్బు బ్యాంకులో వరసగా 28 రోజులు ఉండాలని చెప్పనేలేదు, మా నాయన చివర్లో ఎంత అల్లాడిపోయాడో. చైనా పిల్లలకి మామూలుగా ఆ డబ్బు చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్లు వీసా అప్లికేషన్‌తో పెట్టే పనే లేదు, మనకి తప్పదు. ఫీజు కట్టేముందే ఆ లెక్క చూసుకోండి.