అమెరికా నుంచి బ్రిటన్‌కి: ఏళ్ల తరబడి కాపురం చేశాక రాసిన సమీక్ష

అమెరికా నుంచి బ్రిటన్‌కి మారదామనుకునే తెలుగు కుటుంబాలు ముందు జీతం గురించి, ఆ తర్వాత వాన గురించి అడుగుతాయి. ఇక్కడ కాపురం చేస్తే తేలేది వేరు: సతాయించేది ఇల్లు, ఆదుకునేది వైద్యం, సెలవులు. వాన సంగతికొస్తే లండన్‌లో ఏడాదికి పడేది 600 మిల్లీమీటర్లు. న్యూయార్క్‌లో దాదాపు దానికి రెట్టింపు. కుంగదీసేది చీకటి. డిసెంబరులో లండన్‌లో ఎనిమిదింటికి తెల్లారి, సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. ఎడిన్‌బరోలో పగలు ఏడు గంటలే.

సామాను సర్దేముందు కరెంటు చూసుకోండి. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100–240 అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. అమెరికాలో కొన్న 110 వోల్టుల మిక్సీ, రైస్ కుక్కర్, ఇన్‌స్టంట్ పాట్ అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. 750 వాట్ల మిక్సీకి 1500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది ఇటుకల మూటంత బరువు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే గానీ హెర్ట్జ్‌ని మార్చదు, కాబట్టి కొన్ని రకాల మోటార్లు నెమ్మదిగా తిరిగి వేడెక్కుతాయి. అదే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్న మిక్సీ, గ్రైండర్ అయితే ఇక్కడ హాయిగా నడుస్తాయి, ఎందుకంటే ఆ కరెంటూ ఈ కరెంటూ ఒకటే. ప్లగ్గు ఒక్కటి మార్చాలి. బ్రిటన్ ప్లగ్గులో ఫ్యూజు ఉంటుంది: 700 వాట్ల దాకా 3 ఆంపియర్లు, ఆపైన 13.

ఇంటి గురించి ఎంత చెప్పినా తక్కువే. చాలా ఇళ్లలో గ్యాస్‌తో నడిచే కాంబీ బాయిలరే వేడినీళ్లూ ఇస్తుంది, గదుల్లోని రేడియేటర్లనూ వేడి చేస్తుంది. అమెరికాలోలా గొట్టాల్లోంచి వేడిగాలి రాదు, కాబట్టి ఇల్లు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లబడుతుంది. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. బాగా పడిపోతే మొరాయిస్తుంది. అప్పుడు కింద ఉన్న నీళ్లు నింపే గొట్టం వాల్వులు మెల్లగా తెరిచి, ముల్లు 1.5 దగ్గరికి రాగానే రెండూ గట్టిగా మూసేయండి. మూయడం మరిస్తే ప్రెషర్ 3 బార్ దాటి సేఫ్టీ వాల్వు నీళ్లు బయటికి కక్కుతుంది. ప్రతి కొన్ని వారాలకీ నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకైనా ఉండాలి, లోపలి ఎక్స్‌పాన్షన్ వెసెల్ అయినా పోయి ఉండాలి. దానికి గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్‌లో నమోదైన మనిషే రావాలి. అద్దె ఇల్లయితే ఏటా గ్యాస్ తనిఖీ చేయించి, ఆ కాగితం మీకివ్వడం యజమాని బాధ్యత.

గట్టిగా మంచు పట్టిన తెల్లవారుజామున బాయిలర్ గుడగుడమని ఆగిపోతే, చాలాసార్లు కారణం గోడ బయటికి పోయే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు గడ్డకట్టడమే. దాని మీద గోరువెచ్చని నీళ్లు పోసి రీసెట్ నొక్కండి. మరిగే నీళ్లు పోస్తే గొట్టం పగలొచ్చు.

చలి కన్నా పెద్ద శత్రువు చెమ్మ. వాషింగ్ మెషీన్ వంటింట్లోనే ఉంటుంది, ఒక్కో వాయికి రెండు గంటలు దాటుతుంది, బట్టలు ఎక్కువగా దండెం మీదే ఆరాలి. ఒక వాయి బట్టల్లోంచి రెండు లీటర్ల దాకా నీరు గదిలోకి చేరుతుంది. దానికి మన అన్నం ఆవిరి, కుక్కర్ విజిల్స్ తోడైతే బయటి గోడ మూలల్లో, బీరువా వెనకాల నల్లటి బూజు ఖాయం. స్టవ్ పైన ఉండే హుడ్డును నమ్ముకోకండి. చాలా ఫ్లాట్లలో అది పొగను ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ ఇంట్లోకే వదిలే రకం. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు హుడ్డు గొట్టం బయటికి పోతోందో లేదో అడగండి. తాళింపు పెట్టేటప్పుడు కిటికీ తెరవడం, ఫర్నిచర్‌ని బయటి గోడకి నాలుగు వేళ్ల ఎడంగా జరపడం, గాలిలోని తేమను లాగే డీహ్యూమిడిఫైయర్ ఒకటి కొనడం, ఈ మూడూ మొదటి చలికాలానికి ముందే జరగాలి. ఉతికి ఆరబెట్టే రెండు పనుల మెషీన్ వద్దనే చెప్తాం: 9 కిలోలు ఉతికితే ఆరబెట్టగలిగేది సుమారు 6 కిలోలే, మిగతావి తీసి పక్కన పెట్టాలి.

అద్దెలో దాగిన ఖర్చు కౌన్సిల్ ట్యాక్స్, అంటే స్థానిక సంస్థ వేసే ఇంటి పన్ను. అమెరికాలో ప్రాపర్టీ ట్యాక్స్ యజమాని కడతాడు. ఇక్కడ మామూలుగా ఇంట్లో ఉండేవాళ్లే కట్టాలి. ఇంగ్లండ్‌లో ఇంటికి 1991 నాటి విలువ ప్రకారం ఏ నుంచి హెచ్ దాకా బ్యాండ్ (పన్ను తరగతి) ఉంటుంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గిస్తారు. ఇంటి ప్రకటనలో బ్యాండ్ చూశాకే బడ్జెట్ వేసుకోండి. ఇంగ్లండ్‌లో ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించకూడదు. దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన పథకంలో పెట్టాలి.

వైద్యం విషయంలో అమెరికా అలవాట్లు కొన్ని వదులుకోవాలి. ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌ని వాడుకోవడానికి కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ మొత్తం వీసా దరఖాస్తుతోపాటే ముందే కట్టాలి: ఏడాదికి పెద్దవాళ్లకి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మూడేళ్ల వీసా అయితే 10,866 పౌండ్లు. ఉద్యోగం ఒప్పుకునేముందే కంపెనీ భరిస్తుందా అని అడగండి, చేరాక అడిగితే లాభం లేదు. ఆ తర్వాత ఆసుపత్రి బిల్లు అన్నది ఉండదు. ఈ ఒక్క నిశ్చింత ఇంటి కష్టాలన్నిటినీ మరిపిస్తుంది. ఇక్కడికి రాగానే ఇంటికి దగ్గర్లోని జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర నమోదు చేసుకోండి. స్పెషలిస్టు దగ్గరికి జీపీ పంపితేనే వెళ్లాలి, అత్యవసరం కానిదానికి నెలలు ఆగాల్సి రావచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల డాక్టరు దొరకడం చాలా చోట్ల కష్టం, కాబట్టి ఆ పని అమెరికాలోనే ముగించుకుని రండి.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఇక్కడ రిపోర్టు అంకెలు వేరు. అమెరికాలోనూ ఇండియాలోనూ చూసే అంకెను 18తో భాగిస్తే ఇక్కడి అంకె వస్తుంది: 126 అంటే ఇక్కడ 7.0. రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం అంటే ఇక్కడ 48. షుగర్‌కి మందులు వాడుతుంటే ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్లన్నీ ఉచితం, కానీ ఫారం నింపి మినహాయింపు సర్టిఫికెట్ తీసుకోవాలి.

అమెరికా లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది. దాన్ని బ్రిటిష్ లైసెన్సుగా మార్పించుకోవడం కుదరదు. ఇరవయ్యేళ్లు నడిపినా థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయాల్సిందే. థియరీలో 50 ప్రశ్నలకి 43, ప్రమాదాలు గుర్తించే వీడియో భాగంలో 75కి 44 రావాలి. ప్రాక్టికల్ తేదీకి నెలలు పట్టవచ్చు కాబట్టి దిగిన నెలలోనే ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్సుకి దరఖాస్తు పెట్టండి. ఆటోమేటిక్ కారులో పాసైతే గేరు కారు నడపడానికి వీల్లేదు. ఎర్ర లైటు దగ్గర పక్కకి తిరగడమనే అలవాటు పూర్తిగా మానేయాలి. అనుభవం ఉన్నవాళ్లు ఫెయిలయ్యేది ఎక్కువగా రౌండబౌట్ దగ్గర సరైన లేన్ ఎంచుకోవడంలో, అద్దాలు చూడకపోవడంలో.

పిల్లల బడి మంచిదే, సెలవుల విషయంలో మాత్రం కఠినం. సంక్రాంతికి ఊరెళ్లాలనుకుంటే జనవరి మొదటి వారంలోనే బడి తెరుస్తారు. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఐదు రోజులు మానిపిస్తే ఒక్కో పిల్లకి తల్లికీ తండ్రికీ విడివిడిగా 160 పౌండ్ల జరిమానా పడవచ్చు. 21 రోజుల్లో కడితే 80.

పెద్దవాళ్ల సెలవులు మాత్రం నిజంగా సుఖం. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకి చట్టం ప్రకారమే ఏడాదికి 28 రోజులు, బ్యాంకు సెలవుల్ని (అంటే ప్రభుత్వ సెలవు దినాల్ని) కంపెనీ అందులోనే కలపవచ్చు. తీసుకుంటే ఎవరూ వింతగా చూడరు.

డబ్బు దగ్గర జాగ్రత్త పడాల్సింది అమెరికా పన్ను. అమెరికా పాస్‌పోర్టో గ్రీన్‌కార్డో ఉన్నంతకాలం అక్కడా రిటర్న్ వేయాలి, ఏడాదిలో ఎప్పుడైనా విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్ కూడా. ఇక్కడివాళ్లు సిఫారసు చేసే ఐసా (పన్ను లేని పొదుపు, పెట్టుబడి ఖాతా) పన్ను రాయితీని అమెరికా గుర్తించదు; అందులో ఫండ్లు కొంటే ఇండియా మ్యూచువల్ ఫండ్లతో వచ్చే చిక్కే వస్తుంది, ఒక్కో ఫండుకీ ఒక ఫారం. అమెరికా క్రెడిట్ స్కోరూ ఇక్కడికి రాదు. దాన్ని మళ్లీ కట్టుకోవడానికి ఓటరు జాబితాలో పేరుండడం బాగా పనికొస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటు నమోదు చేసుకోవచ్చు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లకి ఓసీఐ ఉన్నా ఆ వీలు లేదు. ఒకే ఇంట్లో రెండు రకాల పాస్‌పోర్టులుంటే భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల పేరు మొదటి వారంలోనే నమోదు చేయించండి.