టెన్త్ అయ్యాక శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీనా, ఇంటరా?

రిజల్ట్ వచ్చిందంటే మా సిక్కోలు వైపు ఇంటింటా ఇదే చర్చ. ట్రిపుల్ ఐటీలో ఇంటర్, బీటెక్ రెండూ ఒకే చోట అయిపోతాయి, కాబట్టి ఏ దారిలో వెళ్ళినా బీటెక్ అయ్యేసరికి ఆరేళ్ళే. ట్రిపుల్ ఐటీ ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురంలో ఉంది, 2016లో మొదలైంది, ఎంట్రన్స్ లేదు, టెన్త్ మార్కులతోనే సీటు, పైగా సర్కారు బడిలో చదివినోళ్ళకి 4 శాతం డిప్రివేషన్ స్కోర్, అంటే వెనకబాటుకి ఇచ్చే అదనపు మార్కులు, కలుపుతారు, నాకు బాగా నచ్చేది ఇదే, కోచింగ్ మొహమే చూడని మందస, సీతంపేట పిల్ల కూడా ట్రంకుపెట్టె పట్టుకుని నేరుగా హాస్టల్లో దిగిపోవచ్చు.

ఇంటర్ అయితే ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్ రాయాలి, విజయనగరం జేఎన్‌టీయూలో సీటు కావాలంటే మంచి ర్యాంకు తెచ్చుకోవాలి, ప్రైవేటు కాలేజీ ఫీజు వేరే. కాకపోతే పదిహేనేళ్ళకే ఇంజనీరింగ్ అని తేల్చేసుకోనక్కర్లేదు, బైపీసీ కూడా తీసుకోవచ్చు.

లెక్కలంటే ఇష్టం, ఇంట్లో డబ్బు ఇబ్బంది అంటే మాత్రం ట్రిపుల్ ఐటీకే అప్లై చేయించండి, క్యాస్ట్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే ఊళ్ళో సచివాలయంలో అప్లికేషన్ పెట్టేయండి.