బ్రాసాన్స్ పార్కు సంతలో 18 యూరోలకి కొన్న 'సిగ్నల్'

పారిస్‌లో పాత పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళు టీ3ఏ ట్రామెక్కి జార్జ్ బ్రాసాన్స్ పార్కు దగ్గర దిగండి. ఒకప్పటి గుర్రాల సంత ఇనప షెడ్ల కింద శని, ఆదివారాల్లో పాత పుస్తకాలమ్ముతారు. మన ఆబిడ్స్ ఆదివారం బజారే అనుకోండి, కాకపోతే పుస్తకాలు నేల మీద కాదు, బల్లల మీద. సంతకి నేను ఐదుకి ఐదూ ఇస్తాను. నాకు దొరికిన అమ్మకందారుకి మాత్రం రెండే.

కొన్నది 1943 నాటి 'సిగ్నల్', ఫ్రెంచి సంచిక. జర్మన్ సైన్యం ప్రచార విభాగం 1940 ఏప్రిల్ నుంచి పక్షానికొకసారి తెచ్చిన పత్రిక. 20కి పైగా భాషల్లో వచ్చేది, 1943 నాటికి 25 లక్షల ప్రతుల దాకా వెళ్ళిందంటారు. తమాషా ఏంటంటే జర్మనీలో మాత్రం అమ్మేవారు కాదు. ఇదంతా ఆక్రమించిన ఇరుగుపొరుగుకీ, తటస్థంగా ఉన్న దేశాలకీ వండిన వంట.

ఒళ్ళో పరిస్తే రెండు మోకాళ్ళూ కప్పేస్తుంది. అట్ట మీద ఎడమవైపు నిలువుగా ఎర్ర పట్టీ, పిన్నుల చుట్టూ తుప్పు మరక. కాగితం మాత్రం ఇప్పటికీ నున్నగా జారుతోంది. జర్మన్ల ఆక్రమణలో రొట్టెకీ కూపన్లే, కాగితానికీ కరువే అయిన ఊళ్ళో ఇంత నునుపు కాగితం చేతికిస్తే, లోపల రాసింది చదవకముందే సగం పని అయిపోతుంది! రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు దెబ్బతిన్నాక పాట మారింది: మేం గెలుస్తున్నాం అనడం తగ్గి, బోల్షెవిక్కుల (రష్యా కమ్యూనిస్టుల) నుంచి యూరప్‌ని కాపాడుతున్నాం అనడం పెరిగింది. నా సంచికలో యూదుల ఊసే లేదు. తిట్లున్న పేజీల కన్నా ఆ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పారిస్‌లో ఈ పత్రికకి పనిచేసిన ఆంద్రే జూకాకి జర్మన్ల ద్వారా ఆగ్ఫా కలర్ ఫిల్ము అందేది. ఆయన తీసిన ఎండా, టోపీలూ, నవ్వుల ఫొటోల్ని 2008లో ఇక్కడే ప్రదర్శనకి పెడితే, అవి ఎవరి కోసం తీసినవో సరిగ్గా చెప్పలేదని పెద్ద గొడవైంది.

ఇక ఫిర్యాదు. కవరుకి టేపేసి, "అన్ని పేజీలూ ఉన్నాయి" అని చీటీ అంటించారు, విప్పనివ్వలేదు. ఇంటికొచ్చి చూస్తే ఒక రంగుల పేజీలో అరచేతంత బొమ్మని ఎవరో కత్తెరతో నీటుగా కోసుకుపోయారు. తర్వాతి శనివారం అడిగితే "పాత కాగితం కదా మస్యూ" అని భుజాలెగరేశాడు. డబ్బు తిరిగివ్వలేదు.

వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న, "ఒరేయ్, అచ్చం మన సోవియట్ భూమి పత్రికలా ఉందే! పుస్తకాలకి అట్టలేసుకోవడానికి భలే ఉండేది. లోపలేముందో ఎవడు చదివాడు?" అన్నారు.

మళ్ళీ వెళ్తాను, డచ్చి సంచిక దొరుకుతుందేమో చూడాలి. ఈసారి టేపు విప్పి చూశాకే పర్సు తీస్తా.