పోర్ట్‌ఫోలియో సైటు చేసిపెడతామనే ప్యాకేజీలతో జాగ్రత్త, డబ్బు కట్టేముందు డొమైన్ (సైటు అడ్రసు) ఎవరి పేరున ఉంటుందో అడగండి

గ్రాఫిక్ డిజైన్ చేసేవాళ్లు, ముఖ్యంగా ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టాలనుకుంటున్నవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. నాకు పోయింది 18,500 రూపాయలు. డబ్బు సంగతి అటుంచితే, ఏడాది పాటు నా విజిటింగ్ కార్డు మీద, ఇన్‌స్టా బయోలో, పంపిన ప్రతి కొటేషన్ కింద వేసుకున్న సైటు అడ్రసు ఇప్పుడు నాది కాదు. కంపెనీ పేరు రాయడం లేదు. గొడవ ఇంకా తేలలేదు, పైగా ఇలాంటివాళ్లు ఆరు నెలలకో బోర్డు మారుస్తారు కాబట్టి పేరు తెలిసినా పెద్ద లాభం లేదు, వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు.

నేను విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తొమ్మిదేళ్లు పనిచేశాను. శుభలేఖలు, ఫ్లెక్సీలు, మిఠాయి పెట్టెలు, ఎలక్షన్ వస్తే కరపత్రాలు. బయట కంపెనీలకు పనిచేయాలంటే మన పనులు చూపించే ఒక పోర్ట్‌ఫోలియో ఉండాలని అందరూ అంటుంటే, ఇన్‌స్టాలో యాడ్ చూసి ఫోన్ చేశాను. డొమైన్ ఫ్రీ, లైఫ్‌టైమ్ హోస్టింగ్ (సైటుని నెట్‌లో ఉంచే చోటు), పది ప్రాజెక్టులు పెడతాం, క్లయింట్లు వాళ్లంతట వాళ్లే వస్తారు అన్నారు. అవతలి కుర్రాడు మాటకు ముందు అన్నా, మాటకు వెనక అన్నా. డబ్బు యూపీఐలో, అదీ కంపెనీ అకౌంటుకు కాదు, ఎవరిదో సొంత నంబరుకు. అప్పుడే అనుమానం రావాలి. రాలేదు.

సైటు పదిహేను రోజుల్లో ఇచ్చారు. మొదటి చూపుకి బాగానే ఉంది, నల్ల బ్యాక్‌గ్రౌండు, పెద్ద అక్షరాలు, మౌస్ కదిపితే బొమ్మలు కదులుతాయి. దగ్గరికెళ్లి చూస్తేనే అసలు సంగతి. పూతరేకుల షాపుకి చేసిన పెట్టె నా పనుల్లో నాకు బాగా ఇష్టమైనది, మూత తెరిస్తే లోపల గోదావరి గట్టు బొమ్మ వస్తుంది. దాన్ని చదరంగా కత్తిరించి పెట్టారు, మూత సగమే కనిపిస్తోంది, లోపలి బొమ్మ లేనే లేదు. ఇంకో షాపు లోగో ఫైలు సరిగ్గా తెరుచుకోలేదని పేరు వాళ్లే మళ్లీ టైపు చేశారట. స్వగృహ అనే మాటలో వత్తు ఊడిపోయి పక్కన కూర్చుంది. పాత ఫొటోషాప్‌లలో మన లిపుల కోసం ఉండే వరల్డ్ రెడీ అనే సెట్టింగ్ పెట్టకుండా తెలుగు కొడితే అలాగే విడిపోతుందని ప్రెస్సులో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు. ప్రాజెక్టుల వివరాలు నేను పేజ్‌మేకర్‌లో అను ఫాంట్‌తో కొట్టి ఇచ్చాను (అది నా తప్పే, అను యూనికోడ్ కాదు, అంటే ఏ ఫోన్లోనైనా ఏ సైటులోనైనా సరిగ్గా కనిపించే రకం కాదు), వాళ్లు దాన్నే తీసుకెళ్లి సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వచ్చాయి. అడిగితే "మీ ఫోన్లో ఫాంట్ లేదన్నా" అన్నాడు! మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, వాటితో మళ్లీ కొట్టుకోవాలని ఒక్క ముక్క చెప్పి ఉంటే నేనే రాత్రికి రాత్రి కొట్టి ఇచ్చేవాణ్ని.

అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటి. నేను ఆరు ప్రాజెక్టులే ఇచ్చాను. ప్యాకేజీలో పది అన్నారు కాబట్టి మిగతా నాలుగు వాళ్లే నింపారు, ఎక్కడినుంచో తెచ్చిన మాకప్‌లతో (డిజైన్ ఎలా ఉంటుందో చూపించే రెడీమేడ్ బొమ్మలు), నా పేరు మీద. చూసి ఇవేంటని అడిగాను. ఖాళీగా ఉంటే బాగోదు, తర్వాత మార్చుకోవచ్చు అన్నారు. సరేలే అని ఊరుకున్నాను, అక్కడే కొంప మునిగింది. మూడు నెలల తర్వాత హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీలో ఇంటర్వ్యూ చేసినావిడ ల్యాప్‌టాప్ నావైపు తిప్పి, "ఈ కాఫీ బ్రాండ్‌కి ఈ రంగు ఎందుకు తీసుకున్నారండీ?" అని మర్యాదగానే అడిగింది. నేను ఏదో నసిగాను. ఆవిడ ఏమీ అనకుండా ఇంకో ట్యాబ్ తెరిచింది, అదే కప్పు, అదే నీడ, కింద ఫ్రీ డౌన్‌లోడ్ బటన్. ఆ తర్వాత పూతరేకుల పెట్టె నేనే చేశానని చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారు? బస్సెక్కి తిరిగొస్తూ దారి పొడవునా ఆ ట్యాబే కళ్లముందు.

ఏడాది తిరిగేసరికి రెన్యువల్ మెసేజ్ వచ్చింది, 8,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 9,440. లైఫ్‌టైమ్ అన్నారు కదా అంటే, అది సర్వర్ లైఫ్‌టైమ్ అన్నా, మీది కాదు అన్నాడు. జీఎస్టీ బిల్లు పంపమంటే జవాబు లేదు, మొదటిసారీ ఇవ్వలేదు. డాట్ కామ్ పేరుకి ఏడాదికి మామూలుగా అయ్యేది అంతకన్నా చాలా తక్కువ. సరే, నా డొమైన్ నాకిచ్చేయండి, నేనే కట్టుకుంటాను, డొమైన్ మార్చుకోవడానికి ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వండి అన్నాను. అప్పుడు తెలిసింది, డొమైన్ కొన్నది వాళ్ల మెయిల్‌తో, వాళ్ల అకౌంటులో, వాళ్ల పేరున. నా పేరు ఆ అడ్రసులో అక్షరాలుగా ఉందంతే. రెండు రోజుల్లో సైటు తీసేశారు. ఇప్పుడు ఆ అడ్రసు కొడితే ఎవరివో లోన్ యాడ్లు వస్తున్నాయి.

కాబట్టి ఎవరితో చేయించుకున్నా సరే, డొమైన్ మాత్రం మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీ కార్డుతో మీరే కొనండి. పది నిమిషాల పని. డొమైన్ ఎవరిదో చూపించే హూయిజ్‌లో వెతికితే ఓనర్ వివరాలు చాలాసార్లు దాచి ఉంటాయి, దాన్ని నమ్ముకోవద్దు, రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) లాగిన్ మీ చేతిలో ఉందా లేదా, అదే లెక్క. ఇప్పటికే వేరేవాళ్ల అకౌంటులో ఉంటే సంబంధం బాగున్నప్పుడే అడిగి మార్పించుకోండి. డాట్ కామ్ అయితే కొత్తగా కొన్న 60 రోజుల్లోపు వేరే రిజిస్ట్రార్‌కి మార్చనివ్వరు, అదే రిజిస్ట్రార్‌లో మీ అకౌంటుకి మార్చడానికి మాత్రం చాలాచోట్ల ఆ అడ్డు ఉండదు. వాళ్లు చూపించే పాత క్లయింట్ల సైట్లలో ఒకాయనకి ఫోన్ చేసి, మీ డొమైన్ లాగిన్ మీ దగ్గరే ఉందా అని అడగండి. నేను ఆలస్యంగా ఇద్దరికి చేశాను. ఇద్దరిదీ నా పరిస్థితే, వాళ్లకి ఇంకా తెలియదంతే.

అసలు నవ్వొచ్చే విషయం, నాకు ఈ ప్యాకేజీయే అక్కర్లేదు. డిజైనర్లు తమ పనులు పెట్టుకునే బిహాన్స్ సైటు ఉచితం, 2012 నుంచి ఫొటోషాప్ చేసే అడోబీదే. క్రియేటివ్ క్లౌడ్‌కి (అడోబీ సాఫ్ట్‌వేర్ల చందా) డబ్బు కట్టేవాళ్లకు సైటు చేసుకునే అడోబీ పోర్ట్‌ఫోలియో దాంతోపాటే వస్తుంది, సొంత డొమైన్ కూడా తగిలించుకోవచ్చు. నేను నెలనెలా కడుతూనే ఉన్నాను, ఆ బటన్ ఎప్పుడూ నొక్కలేదు. ఇప్పుడు అందులోనే పెట్టుకున్నాను, ఆరంటే ఆరే ప్రాజెక్టులు. పెట్టెకి షాపాయన వద్దన్న రెండు డిజైన్లు, ఎందుకు వద్దన్నాడో ఆయన మాటల్లోనే, ప్రెస్సులో మొదటి ప్రూఫులో (నమూనా ప్రింటులో) ఆకుపచ్చ మురికిగా వచ్చిన ఫొటో, చివరికి ఎండలో తీసిన అసలు పెట్టె. కదిలే బొమ్మలేవీ లేవు. కానీ ఎవరే ప్రశ్న వేసినా నసగక్కర్లేదు.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, ఆ కంపెనీవాళ్లనుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకుంటున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. వ్యాపారానికి కొన్నావు కదా, నువ్వు కన్స్యూమర్‌వి కావని ఒక ఫ్రెండ్ భయపెట్టాడు గానీ, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువులు వ్యాపారం లెక్కలోకి రావని చట్టంలో ఉంది, నాలాంటి సేవకీ అది వర్తిస్తుందా అని లాయరుని అడగాలి. వాట్సాప్ చాట్లు, యూపీఐ స్క్రీన్‌షాట్లు అన్నీ దాచాను. మీరూ చెరపకండి. ఇలా పోయిన డొమైన్‌ని ఎవరైనా వెనక్కి తెచ్చుకుని ఉంటే, ఎలా తెచ్చుకున్నారో దయచేసి రాయండి.

నా దగ్గర ఇంకా 300 కార్డులు మిగిలాయి, పాత అడ్రసు మీద ఒక్కోదానికి స్టిక్కర్ అంటిస్తూ కూర్చున్నాను. మీలో ఎవరి దగ్గరైనా నా పాత కార్డు ఉంటే ఆ సైటు తెరవకండి. ఫోన్ నంబరు మాత్రం అదే.